ఓరుగల్లు పడిపోకపోయి ఉంటే

రెండు నెలల క్రితం కొందరు విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ గోడపత్రిక కోసం గీసిన ఒక వంశవృక్షాన్ని తెచ్చి నా ముందు పరిచారు. నాలుగు చార్టు కాగితాలను అతికించి, రంగు కలాలతో శ్రద్ధగా గీసిన చిత్రమది. శీర్షిక: ‘1323లో ఓరుగల్లు పడిపోకపోయి ఉంటే’. ఆ ఊహలో ఉలుగ్‌ఖాన్ సేన రెండోసారి కూడా విఫలమై వెనుదిరుగుతుంది. ప్రతాపరుద్రుడు తన కోటలోనే వృద్ధుడై కన్నుమూస్తాడు. ఆయన తరువాత పంతొమ్మిది మంది రాజులు, ఇద్దరు రాణులు. బహమనీలు పుట్టరు, కుతుబ్‌షాహీలు రారు, గోల్కొండ గొల్లవారి కొండగానే మిగిలిపోతుంది. ఆంగ్లేయులతో ఒక సంధి, ఆ పైన 1948లో చిట్టచివరి కాకతీయుడు భారత యూనియన్‌లో విలీనపత్రంపై సంతకం చేయడంతో వృక్షం ముగుస్తుంది.

జరగని చరిత్రను ఊహించడం చరిత్ర విద్యార్థికి తగని పని అని నేను అనుకోను. జరిగినదానికి కారణాలేమిటో తేల్చుకోవడానికి, అది జరగకపోయి ఉంటే ఏమయ్యేదని అడగడం ఒక పద్ధతి. కానీ ఆ పిల్లలు నా దగ్గరకు వచ్చింది పద్ధతి గురించి మాట్లాడటానికి కాదు, తగవు తీర్చమని. ఊహాజనిత రాజులకు పేర్లు పెట్టే దగ్గర పత్రిక ఆగిపోయింది. నాలుగో తరం నుంచి పేర్ల చివర ‘రెడ్డి’ చేరాలని ఒక బృందం, ‘నాయుడు’ అని మరో బృందం పట్టుబట్టాయి. వీరిద్దరూ కాదు, రాజన్నవాడు క్షత్రియుడే గనుక ‘వర్మ’ అనాలని మూడో బృందం. అందరూ తమ ఫోన్లలోంచి ‘ఆధారాలు’ చూపించారు. యుద్ధం ఫలితాన్ని ఒక్క గీతతో మార్చేసినవారు, ఏడు వందల ఏళ్ల రాజకీయాన్ని తిరగరాసినవారు, కులం దగ్గరకు వచ్చేసరికి ఒక్క అక్షరం కూడా మార్చలేకపోయారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ని గనుక ఇందులో నా వంటి వాళ్ల పాపమూ ఉందని నాకనిపించింది.

శాసనాలు ఏం చెబుతున్నాయో ముందు చూద్దాం అన్నాను. గణపతిదేవుని సేనాని మల్యాల గుండన వేయించిన బూదపురం, వడ్డమాను శాసనాలు కాకతీయులను చతుర్థ కులం వారిగా చెప్పాయి. అదే గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో, సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనంలో వంశక్రమం మనువు, ఇక్ష్వాకుల నుంచి మొదలై శ్రీరాముని మీదుగా దుర్జయుని దాకా నడుస్తుంది. అంటే సూర్యవంశం. రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుని మల్కాపురం శాసనమూ అదే మాట అంటుంది. ప్రతాపరుద్రుని ఆస్థానంలో అలంకారశాస్త్రం రాసిన విద్యానాథుడు మరింత చాకచక్యం చూపాడు. సూర్యవంశమా, చంద్రవంశమా అన్న చిక్కులోకి దిగకుండా, ఆ రెండింటినీ మించిన కులం తన ప్రభువులదని పొగిడి ఊరుకున్నాడు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారం చెరువు తవ్వించి వేయించిన శాసనం వీటన్నిటికంటె నిరాడంబరం. దుర్జయ వంశంలో వెన్నుడనేవాడు, అతడు కాకతిని ఏలాడు, అతని తరువాత ఫలానావారు అంటూ సాగుతుంది. ఆకాశం నుంచి ఎవరూ దిగిరారు.

ఒకే కుటుంబం, ఒకే శతాబ్దం, ఇన్ని పుట్టుకలు. ఇందులో ఏది నిజమని విద్యార్థులు అడిగారు. నా దృష్టిలో ప్రశ్నే తప్పు. రాజవంశావళి జనాభా లెక్కల పత్రం కాదు. ఎవరి ముందు, ఏ పని మీద చదువుతున్నారో దాన్నిబట్టి పండితుడు కూర్చే రచన అది. దేశదేశాల నావికులు దిగే రేవులో రాముని వారసుడు కావడం వల్ల లాభం ఉంది. తోటి సేనానులు, సామంతులు చదివే శాసనంలో ఆ అవసరం లేదు. ఎందుకంటే వారిలో చాలామంది కూడా చతుర్థ కులం వారే, దాన్ని దాచవలసిన పనీ వారికి కనిపించలేదు. ఆనాటి ఆంధ్రదేశంలో శూద్రుడు రాజవ్వడానికి ముందు క్షత్రియుడుగా మారవలసిన నిర్బంధం లేకపోయింది. కావాలనుకున్నప్పుడు సూర్యవంశం తగిలించుకున్నారు, అక్కరలేనప్పుడు తీసి పక్కన పెట్టారు. మూడో బృందం వారి ‘వర్మ’ వాదానికి ఇంతకు మించిన సమాధానం అవసరం లేదు.

తక్కిన రెండు బృందాలకు చెప్పవలసింది ఇంకొంచెం ఉంది. కాకతీయ యుగపు శాసనాల్లో రెడ్డి, నాయకుడు, బోయడు, సెట్టి వంటి మాటలు పేర్ల వెనుక వస్తాయి. అవి ఈనాటి కులాలకు చిరునామాలు కావు. గ్రామ పెత్తనం చేసేవాడు, సైన్యాన్ని నడిపేవాడు, వర్తకం చేసేవాడు అన్న హోదాలను తెలిపే మాటలవి. తండ్రి పేరు చివర ఒక మాట, కొడుకు పేరు చివర మరో మాట ఉన్న శాసనాలున్నాయి. అమెరికా చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఈ శాసనాలను వందల సంఖ్యలో పరిశీలించి, ఆ సమాజంలో మనిషిని గుర్తించడానికి పుట్టుక కంటె వృత్తి, హోదా, సైనిక సేవ ఎక్కువగా ఉపయోగపడ్డాయని 2001లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుని వంశాన్ని, తరువాతి రాచకొండ, దేవరకొండ ఏలికల రేచర్ల వంశాన్ని ఇవాళ వేర్వేరు కులాలవారు తమవిగా చెప్పుకుంటారు. ఇంటిపేరు మాత్రం ఒకటే. దాని సంగతి తరువాత చెబుతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. చతుర్థ కులం అన్న ప్రకటనను చూసి మురిసిపోయి, అదేదో బ్రాహ్మణాధిక్యం మీద తిరుగుబాటు అని రాసే వ్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. కాకతీయ రాజ్యం కూలిన తరువాత ఆ గొంతు మరింత గట్టిపడిన మాట నిజమే. 1368 నాటి సింగయ నాయకుని అక్కలపూండి దానశాసనం ఒక చక్కని తర్కం చేస్తుంది. మొదటి మూడు వర్ణాలు భగవంతుని ముఖం, బాహువులు, తొడల నుంచి పుట్టగా, వాటిని నిలబెట్టడానికి నాలుగోది పాదాల నుంచి పుట్టిందట. గంగ పుట్టింది కూడా ఆ పాదాల నుంచే కనుక, మూడు లోకాలను పవిత్రం చేసే గంగకు తోబుట్టువైన ఈ వర్ణమే తక్కినవాటికంటె శుద్ధమైనదట. అవమానంగా చెప్పిన పుట్టుకనే గౌరవంగా తిప్పి చెప్పిన ఆ నేర్పును మెచ్చుకోవలసిందే. అయితే ఆ తర్కం ఎక్కడ ఆగిందో కూడా చూడాలి. అది పురుషసూక్తాన్ని కాదనలేదు, దానిలోని వరుసను మాత్రం తలకిందులు చేసింది. దేవుని దేహంలో ఏ అవయవం నుంచీ పుట్టని వారి గురించి ఒక్క మాట లేదు. నాలుగో మెట్టు మీద నిలబడి మొదటి మెట్టును ప్రశ్నించినవారు, మెట్లే లేనిచోట నిలబడ్డవారి వైపు తిరిగి చూడలేదు.

తగవు తీర్చమని వచ్చినవారికి మరో చిక్కు కూడా చూపించాను. కులం తండ్రి నుంచి కొడుక్కి వస్తుందన్న నమ్మకం మీదే వారి వృక్షం నిలబడి ఉంది. కాకతీయ వంశంలోనే ఆ నమ్మకం చెల్లదు. గణపతిదేవుని తరువాత సింహాసనం కుమార్తె రుద్రమకు వచ్చింది. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. అటువైపు వారు చెప్పుకునేది చంద్రవంశం. వారి కుమార్తె ముమ్మడమ్మ, ఆమె కొడుకు ప్రతాపరుద్రుడు. అమ్మమ్మ దత్తత తీసుకుంటే ఆ బాలుడు కాకతీయుడయ్యాడు. పితృక్రమం పట్టుకుని లెక్క వేసేవారు ప్రతాపరుద్రుని ఎవరి కులంలో కలుపుతారు? గది కాసేపు నిశ్శబ్దమైంది. చార్టులో రుద్రమ బొమ్మను పెద్దదిగా, గుర్రం మీద కత్తి పట్టుకుని ఉన్నట్టు గీశారు. ఆమె కూతురి పేరు మాత్రం ఎక్కడా లేదు. తాత నుంచి మనవడికి నేరుగా గీత గీశారు.

ప్రత్యామ్నాయ చరిత్ర రాయడం తమతోనే మొదలైందని ఆ పిల్లలు అనుకున్నారు. నిజానికి ఓరుగల్లు విషయంలో ఆ పని 16వ శతాబ్దంలోనే జరిగింది. ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బందీగా వెళుతూ నర్మదా తీరంలో చనిపోయాడన్నది ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం చెప్పే సంగతి. అది రాజ్యం పోయిన కొద్ది ఏళ్లకే రాసింది. రెండు శతాబ్దాల తరువాత ఏకామ్రనాథుడు రాసిన ప్రతాపరుద్ర చరిత్రలో కథ వేరు. అక్కడ రాజు ఢిల్లీ చేరతాడు, అతని దివ్యాంశను గుర్తించిన సుల్తాను విడిచిపెడతాడు, కాశీయాత్ర చేసుకుని ఓరుగల్లుకు తిరిగి వస్తాడు. వచ్చి తన కింద ఉన్న నాయకులను ఇక స్వతంత్రంగా ఏలుకోమంటాడు.

ఆ తిరిగి రావడం ఎందుకు అవసరమైందో ఆలోచించండి. రాజు నర్మద ఒడ్డున చనిపోతే అధికారం తెగిపోతుంది. వెనక్కి వచ్చి స్వయంగా అప్పగిస్తే, ఆ తరువాత తెలుగు నేలను ఏలిన యోధకుటుంబాలన్నీ అతని వారసులే అవుతాయి. ఓరుగల్లు కోటకు డెబ్బై ఏడు బురుజులు, వాటిని కాచిన డెబ్బై ఏడు మంది పద్మనాయకులు అన్న కథ కూడా ఆ రచనలోదే. విజయనగర కాలంలో కోటలు, జాగీర్లు సంపాదించుకున్న కుటుంబాలకు ఒక గతం కావలసి వచ్చింది. పాత రాజు చావును రద్దు చేస్తేనే ఆ గతం దొరుకుతుంది. నా ముందున్న చార్టు కూడా చేసింది అదే. తేడా ఏమిటంటే ఏకామ్రనాథుడు ఎవరి కోసం రాస్తున్నాడో అతనికి తెలుసు.

ఇంకో కొమ్మ బస్తర్ అడవుల్లోకి పోయింది. ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అక్కడికి వెళ్లి రాజ్యం స్థాపించాడని ఆ రాజకుటుంబం చెప్పుకుంటుంది. 1703 నాటి దంతేవాడ శాసనం ఆ వంశాన్ని పాండవులతో కలిపి, హస్తినాపురం నుంచి ఓరుగల్లుకు తెస్తుంది. అంటే ఈసారి చంద్రవంశం. అక్కడా 20వ శతాబ్దంలో గద్దె ఒక ఆడపిల్లకు, ప్రఫుల్ల కుమారీదేవికి వచ్చింది. భర్త మయూర్‌భంజ్ భంజ్‌దేవ్‌ల వంశస్థుడు కావడంతో కొడుకు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ అయ్యాడు. ఆదివాసుల పక్షాన నిలిచిన ఆయన 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ రోజు ఆయనతో పాటు చనిపోయిన ఆదివాసుల పేర్లు ఏ వంశవృక్షంలోనూ లేవు. 2022లో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు బస్తర్ వంశస్థుని ఆహ్వానించి పూలదండలు వేశారు. తప్పుపట్టను, ఉత్సవానికి ఒక మనిషి కావాలి. కానీ రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల మట్టి మోసినవారి వంశస్థులను వెతికి పిలవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వారు అక్కడే, ఆ చెరువుల కిందే ఉన్నారు.

ఇంత సేపూ ఒక విద్యార్థి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడు బృందాల్లో దేనిలోనూ లేడు. చార్టు అంచులకు పూల తీగలు గీసింది తనేనని తరువాత తెలిసింది. అందరూ లేచాక అడిగాడు: “సార్, మా తాత మోటబొక్కెనలు కుట్టేవాడు. ఊళ్లో పశువు చస్తే తోలు తీసేదీ, డప్పు కట్టేదీ ఆయనే. ఓరుగల్లు పడిపోకపోయి ఉంటే ఆయన ఆ పని చేయకపోయేవాడా?”

ముప్పై ఏళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేనూ వేసుకోలేదు. నిజాయితీగా చెప్పాలంటే చేసేవాడేనన్నాను. వాళ్లు గీసిన ఇరవై ఒక్క పాలకుల కాలంలో ఏ ఒక్కరి హయాంలోనూ ఆ పని చేతులు మారినట్టు ఎక్కడా లేదు. ఆ వృక్షంలో తురకల దండయాత్ర లేదు, నిజాం లేడు, రజాకార్లు లేరు. అయినా వాళ్ల తాత అదే వెలివాడలో ఉన్నాడు. పరాయి పాలన వల్లనే కులం ఇంత కరుడుగట్టిందని ఇవాళ తేలికగా చెబుతున్నవారు ఈ చార్టు ముందు కాసేపు నిలబడాలి. ఆంగ్లేయుల జనగణన, ముఖ్యంగా 1901లో కులాలకు ఎక్కువ తక్కువల వరుస కట్టే ప్రయత్నం, కులసంఘాల చేత క్షత్రియత్వ పుస్తకాలు రాయించిందన్నది వాస్తవం. అది మెట్ల మీద ఉన్నవారి మధ్య పోటీని పెంచింది. వెలివాడను మాత్రం ఆంగ్లేయుడు కట్టలేదు.

అతనికి రెండు సంగతులు చెప్పాను. ఒకటి మల్కాపురం శాసనం గురించి. 1261 నాటిది. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యునికి దానం చేశారు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే అది. ఆ ఆదాయంతో మఠం, విద్యాలయం, వైద్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం నడపాలి. బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని శాసనం విధిస్తుంది. రాజును సూర్యవంశానికెత్తిన శాసనమే చండాలుణ్ని పంక్తి దాకా పిలిచింది. ఈ వాక్యాన్ని నేను ఎన్నోసార్లు తరగతిలో గర్వంగా చదివి వినిపించాను. ఆ కుర్రవాడు విని, “కూర్చోబెట్టి పెట్టినారా, బయట పెట్టినారా?” అన్నాడు. శాసనం ఆకలిని గుర్తించింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ వైపు నుంచి చదవడం నాకు తట్టలేదు.

రెండోది రేచర్ల ఇంటిపేరు కథ. వెలుగోటివారి వంశావళి సంప్రదాయం చెప్పేది ఇది. ఆ వంశ మూలపురుషుడు చెవ్విరెడ్డి పొలం దున్నిస్తుండగా నిధి బయటపడింది. దాన్ని కాచే భూతం నరబలి అడిగింది. పాలేరు రేచడు, మాలవాడు, తానే బలి అవుతానని ముందుకొచ్చాడు. ఒక్క కోరిక కోరాడు: మీ వంశం నా పేరు పెట్టుకోవాలి. అలా రేచర్ల గోత్రమైందట. ఇది చరిత్ర కాదు, కథ. స్వామిభక్తికి నిదర్శనంగా దీన్ని చెబుతూ వచ్చారు. రేచడు నిజంగా ఒప్పుకున్నాడా, ఒప్పించారా అని కథ చెప్పదు. నిధి ఎవరికి దక్కిందో మాత్రం చెబుతుంది. అయినా రాచకొండ రాజుల గొప్పను నిలబెట్టడానికి కూర్చిన వంశావళిలో ఈ చావును దాచలేకపోయారు. కోటలేలిన వంశం తన పేరు పలికినప్పుడల్లా ఒక పాలేరు పేరు పలికింది. రెడ్డి, నాయుడు అని కొట్లాడిన రెండు బృందాలవారూ తమదేనని చెప్పుకునే ఇంటిపేరు అది.

పోయిన వారం గోడపత్రిక వెలువడింది. చూడటానికి వెళ్లాను. పేర్ల చివరి మాటలను అందరికీ తీసేశారు. ముమ్మడమ్మకు చోటు దొరికింది. వృక్షం కింది భాగంలో, పూల తీగలున్న చోట, ఇప్పుడు చిన్న అక్షరాలతో మరో వరుస ఉంది. అందులో మొదటి పేరు పువ్వుల ముమ్మడి. 1289లో చందుపట్లలో, చనిపోయిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యం కలగాలని భూమి దానం చేసి శాసనం వేయించినవాడు. ఆమె ఎప్పుడు మరణించిందో మనకు తెలిసింది ఆ రాతి వల్లనే. రెండో పేరు రేచడు. మూడోది ఆ కుర్రవాడి తాతది. దాని పక్కన, రాజులకు ఏలిన సంవత్సరాలు రాసినట్టే, ఆయన పుట్టిన ఏడూ పోయిన ఏడూ రాశారు. పుట్టిన ఏడు దగ్గర ఒక ప్రశ్నార్థకం ఉంది.